జంట కయాకును మారుబేరమునకు పెట్టుట

అమెరికాలో కాపురమున్న మన తెలుగువారి యిండ్లలో, కారు నిలుపు కొట్టమున గోడకు చేరవేయబడిన పొడుగుపాటి ప్లాస్టికు పడవ యొకటి యప్పుడప్పుడు కానవచ్చును. వేసవి యారంభమున నుత్సాహముతో కొని, మూడుమార్లు సరస్సున త్రిప్పి, పిల్లవాడు పుట్టిన పిమ్మట మూలబెట్టిన జంట కయాకు అది. సోదరీమణులారా, దాని నమ్మదలచినచో వెలకంటె ముందు తలపవలసినది యొకటి గలదు. కొన్నవారు మీ మాటను నమ్మి యా పడవలో నడినీటికి పోవుదురు.

కయాకు స్త్రీలకు పరాయి వస్తువు కాదు. గ్రీన్లాండునందలి ఇన్యూట్లలో పురుషుడు కొట్టుకొనివచ్చిన కొయ్యతో చట్రము కట్టగా, సీలు తోళ్లను నీరు చొరకుండ కుట్టినది యిల్లాలే. కుట్టు వదలినచో వేటకేగినవాని ప్రాణమునకే ముప్పు. ఒలింపిక్ పందెములలో జంట కయాకు 1936లో బెర్లినున పురుషులకును, 1960లో రోమున స్త్రీలకును ప్రవేశపెట్టబడినది.

నేటి కయాకులు పెక్కు పాలిథిలీను అను ప్లాస్టికుతో చేయబడినవి. ఇద్దరు కూర్చుండునది సాధారణముగా 12 మొదలు 14 అడుగుల పొడవుండును. ఇద్దరు పట్టిననే గాని లేవదు. ఈ ప్లాస్టికు గీతలకు జంకదు, ఎండకు జంకును. ఏండ్లతరబడి యెండలో నున్నచో వన్నె వెలిసి పెళుసుబారును. కాబట్టి గీతలకై సిగ్గుపడ నక్కరలేదు. చీలికను మాత్రము దాచరాదు. లోపల కూర్చుండు రకమైనచో పీటలపై నెత్తి, నీరు పోసి, యడుగున తడి కానవచ్చునేమో చూడవలెను. పైన కూర్చుండు రకమైనచో నీరు జారు రంధ్రముల యంచులను వేలితో తడిమి, పిదప నరగంట నీటిపై త్రిప్పి, బిరడా తీసి లోన చేరిన నీ రెంతయో కనుగొనవలెను. పాలిథిలీనునకు సామాన్యమైన జిగురు పట్టదు. చీలికకు జిగురు పూసి పైన రంగు వేసి యమ్ముట మోసమే యగును.

జంట కయాకునకు అచ్చట 'విడాకుల పడవ' యని పరిహాసనామము గలదు. ముందువారు లయ నిర్ణయింపగా, వెనుకవారు దాని ననుసరించుచు దిశ నడపవలెను. ఇద్దరును నేనే నడపెదనన్నచో తెడ్లు తాకును, మాటలు పెరుగును. అమ్ముటకు నిజమైన కారణ మిదియే యైనచో ప్రకటనలో వ్రాయనక్కరలేదు. చీలికను వ్రాసిన చాలును! ఒంటరిగా తెడ్డు వేయువారే యెక్కువ గనుక జంట పడవకు గిరాకి తక్కువ. పీటను నడుమకు జరిపి యొక్కరే నడపుటకు వీలున్నచో ఆ మాట తప్పక వ్రాయవలెను. వసంతమున నమ్మిన మంచి వెల వచ్చును. చలి మొదలైన పిదప నడుగువారుండరు.

1972 నుండి అచ్చట చేయబడు పడవలకు వెనుక కుడివైపున 12 అక్షరములును అంకెలును గల గుర్తు ముద్రింపవలెనని చట్టము. కొనువారు దానిని చూడగోరిన దొంగసొత్తు కాదని తెలిసికొనుటకే, కోపగింపరాదు. మిన్నెసోటా, ఒహాయో వంటి రాష్ట్రములలో నిట్టి పడవకును నమోదు కావలెను గనుక ఆ కాగితములును సిద్ధపరచుకొనవలెను. వెలకు మించిన చెక్కు పంపి, మిగులు సొమ్ము తిరిగి యిమ్మనువానికి మాత్రము పడవ నీయకుడు. ఆ చెక్కు చెల్లదు.

తెడ్లు రెండును పడవతోనే యిచ్చుట మర్యాద. ప్రాణరక్షక జాకెట్లను విప్పి చూడుడు. పట్టీ తెగినను, లోని నురుగు అణగినను, వానిని కానుకగ నైన నీయక, కత్తిరించి పారవేయుడు.