పాతకాగితమునకు క్రొత్తబలము

తరగతి మారగానే మన విద్యార్థులు నిండిన నోటుపుస్తకములను తూకమున కమ్మివేయుదురు. ఆ కాగితము మిల్లు చేరి, నీటిలో నాని, గుజ్జయి, మరల కాగితమగును. కాని యీ రెండవ కాగితము మొదటిదానివలె గట్టిగా నుండదు. రబ్బరుతో రెండుమారులు తుడిచిన చిల్లుపడును. మనము మిల్లువానిని నిందింతుము. దోషము చాలవరకు నారలో నున్నది.

కాగితపునారలను జిగురే పట్టియుంచునని పలువురు తలంతురు. అట్లు కాదు. సెల్యులోజుతో నేర్పడిన తడినారలు మెత్తనై యొకదానిపై నొకటి వాలి యెండునపుడు, వాని నడుమ హైడ్రొజను బంధము లేర్పడును. కాగితమునకు ముఖ్యబల మదియే. అయితే నార యెండునపుడు దాని గోడలోని సూక్ష్మరంధ్రములును మూసికొనును; మరల నీట నానవేసినను అవి యన్నియు తెరచుకొనవు. బిరుసెక్కిన నార పొరుగునారపై నెట్లు వాలును? ఈ మార్పునకు 1944లో జర్మను శాస్త్రజ్ఞు డొకడు ‘కొమ్మువలె నగుట’ యను నర్థముగల పేరు పెట్టెను. ఎండిన పశువుకొమ్మును తాకినవారికి ఆ పేరు తగినదని తోచును.

బిరుసును పోగొట్టుట కష్టము గనుక, శాస్త్రజ్ఞులు నార పైభాగమునకే పట్టు కలిగింప యత్నించిరి. నీటిలో నారకు ఋణవిద్యుదావేశ ముండును. ధనావేశముగల పాలిమరును ఆ నీటిలో కలిపిన, అది నారను చుట్టి యంటుకొనును. మిగిలినదానిని కడిగివేసి ఋణావేశపు పాలిమరును కలిపిన, మొదటి పొరపై రెండవది పడును. ఇట్లు పొరపై పొర పేర్చు పద్ధతిని 1991లో జర్మనీలో గేరో డెకర్ ప్రకటించెను. ఒక్కొక్క పొర మందము కొద్ది నానోమీటర్లు మాత్రమే. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షవ వంతు.

స్వీడనువారు 2002లో దీనిని కాగితపునారలకు వర్తింపజేసిరి. అమెరికాలో లూసియానా టెక్ విశ్వవిద్యాలయమున యూరీ ల్వోవ్ బృందము 2006లో ప్రకటించిన యుపాయము నాకు మిక్కిలి ముచ్చట గొల్పినది. కొన్ని నారలకు పైపొర ధనావేశముతోను, కొన్నింటికి ఋణావేశముతోను ముగించి, రెంటిని కలిపిరి. అవి పరస్పర మాకర్షించుకొనగా కాగితము బలపడెను.

ఇందు చిక్కు లేకపోలేదు. పొరపొరకు కడుగుటకు నీరును, కాలమును వ్యయమగును. మిల్లులలో చిరకాలముగా నున్న వాడుక యింతకంటె సులభము: ధనావేశ మిచ్చిన గంజిపిండిని గుజ్జులో కలుపుదురు. నూలుకు గంజి పెట్టు మన నేతగాండ్రకు ఇది వింతగా తోచదు. మరియు పూతవలన పట్టు హెచ్చునే గాని, తెగి పొట్టియైన నార మరల పొడుగు కాదు. కావుననే పాతగుజ్జులో కొంత క్రొత్తనారను కలుపుట నేటికిని సాగుచున్నది.