చలికాలమున పాత పికప్ బండి

సంగారెడ్డి రైతులు చలికాలమున తెల్లవారకమునుపే కూరగాయలను పటాన్‌చెరు, హైదరాబాదు మార్కెట్లకు చేర్చుచుందురు. పాత పికప్ బండి గల సభ్యులు కొందఱు కమానుపట్టీలు చేర్చి బరువు హెచ్చింపఁ జూతురు. ఇది తగదని మా మనవి. కమాను గట్టిపడినను ఇరుసునకుఁ గాని బ్రేకులకుఁ గాని బలము హెచ్చదు. 2019 సంవత్సరపు సవరణచట్టము ననుసరించి అధికభారమునకు జరిమానా 20,000 రూపాయలు. హెచ్చిన ప్రతి టన్నునకు మఱి 2,000.

కావున సొమ్మును ముందుగా బ్రేకులకును టైర్లకును వెచ్చింపుఁడు. బ్యాటరీ కొనలను తుడిచి బిగించి, హీటర్ ప్లగ్గులున్నచో పరీక్షింపించిన, డీజిల్ ఇంజను చలిలో సుళువుగా అందుకొనును. పొగమంచులో ఆఁగిన బండి వెనుకవారికిఁ గానరాక ప్రాణాపాయమగును. ముందు తెల్లని, ప్రక్కల పసుపుపచ్చని, వెనుక ఎఱ్ఱని రేడియంపట్టీలు అంటింపుఁడు; ఖర్చు స్వల్పము. బండి క్షేమముగా ఇల్లు చేరిననే పంట లాభమని సభ్యులు గ్రహింతురుగాక.