మడత చాకులో డబ్బు దేనికి పెట్టాలి?

పండు కోయడానికి, పురికొస తెంచడానికి, పార్సిలు విప్పడానికి జేబులో ఉంచుకునే మడత చాకు ఖరీదైనది కానక్కరలేదు. అయితే ఇచ్చిన ధరలో ఎక్కువ భాగం పిడి మీది సింగారానికి పోయిందా, లేక అలుగుకు, అనగా కోసే ఉక్కు బద్దకు పోయిందా అన్నది కొనేవారు ముందుగా గమనించవలసిన సంగతి. ఫ్రాన్సులోని సవోయ్ కొండసీమలో పుట్టిన ఒపినెల్ చాకు ఇందుకు మంచి ఉదాహరణ.

పనిముట్లు చేసే కుటుంబానికి చెందిన జోసెఫ్ ఒపినెల్ 1890లో రూపొందించిన ఈ చాకు, 1897 నాటికి 1 నుంచి 12 వరకు నంబర్లతో పన్నెండు సైజుల్లో తయారైంది. రోజువారీ వాడకానికి 8వ నంబరు సరిపోతుంది. దాని అలుగు పొడవు 8.5 సెంటీమీటర్లు. తెరిచిన చాకు పని మధ్యలో ముడుచుకుంటే తెగేది వేళ్లే కనుక, 1955లో మార్సెల్ ఒపినెల్ పిడి కొసన తిరిగే ఉంగరాన్ని అమర్చారు. ఆ ఉంగరానికి ఒకచోట చీలిక ఉంటుంది; అలుగు ఆ చీలికలోంచి బయటికి వచ్చాక ఉంగరాన్ని కాస్త తిప్పితే, చీలిక పక్కకు జరిగి అలుగు ముడుచుకోకుండా లోహం అడ్డుపడుతుంది. అలుగు, పిడి, మేకు, బిగింపు పట్టీ, ఉంగరం అనే అయిదు భాగాలతోనే చాకు పూర్తవుతుంది కనుక ధర తక్కువలో ఉంచడం సాధ్యమైంది.

అలుగు పలుచన కావడం మరో గుణం. నల్లరంగు పూసుకుని యుద్ధానికి బయలుదేరినట్టు కనిపించే మందపాటి చవక చాకులు ఆపిల్ పండును కోయవు, చీలుస్తాయి. అయితే పలుచని అలుగుతో డబ్బా మూత పెకలించబోతే మొన విరుగుతుంది. ఇక టెంకతో సహా ఆవకాయ ముక్కలు కొట్టే పని కత్తిపీటదే.

ఉక్కులో రెండు రకాలున్నాయి. కార్బన్ ఉక్కు సానరాయి మీద త్వరగా పదునెక్కుతుంది గాని, నిమ్మ, పచ్చిమామిడి పులుపు తగిలితే నల్లబడి, తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది. కనీసం 10.5 శాతం క్రోమియం కలిసిన స్టెయిన్‌లెస్ ఉక్కుకు తుప్పు అంత సులభంగా పట్టదు కాబట్టి, విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాలవారికి అదే మేలు.

పిడి బీచ్ కలపతో చేసినది కావడం వల్ల తడిసినప్పుడు ఉబ్బి, అలుగును లోపలే బిగబట్టేస్తుంది. అప్పుడు గోటితో లాగి గోరు విరగగొట్టుకోకుండా, ఉంగరాన్ని వదులు చేసి పిడి వెనుక కొసను బల్ల అంచుకు తట్టాలి. ఆ అదురుకు అలుగు కాస్త పైకి లేస్తుంది.