శరదృతువు: విందును వెఱపును

శరత్తనఁగానే మన కవులకుఁ దెల్లని మబ్బులును, పూచిన ఱెల్లుదుబ్బులును, తేఱిన యేటినీరును, నిండువెన్నెలయు స్మృతికి వచ్చును. ఋతుసంహారమునఁ దృతీయసర్గ మంతయు నీ ఋతువునకే చెల్లినది. ఋతువర్ణనము ప్రబంధలక్షణములలో నొకటి యగుటచే నాంధ్రకవులును దీనిని విడువలేదు. నన్నయభట్టారకుని రచన యరణ్యపర్వ చతుర్థాశ్వాసమున శరద్రాత్రుల వర్ణనముకడనే నిలిచిపోయినదని పెద్దలు చెప్పుదురు. ఆదికవి గంటము వెన్నెలలో నాఁగెనని తలఁచుకొన్నపుడు మన కొకవిధమగు నానందమును, దానివెంటనే యొకవిధమగు దిగులును గలుగును. ఈ రెండును గలసియుండుటయే శరత్తు స్వభావమనియు, నీ ఋతువునందలి విందులు పెక్కులు వెఱపునుండి పుట్టినవే యనియుఁ జూపుట యీ వ్యాసమునకు విషయము.

కవుల శరత్తునకును వైద్యుల శరత్తునకును మిక్కిలి భేదము గలదు. శరత్తు వైద్యులకుఁ దల్లి యనియు, వసంతము తండ్రి యనియు నొక చాటూక్తి గలదు. అనఁగా నా ఋతువులందు రోగులు విశేషముగా నుందురని భావము. దేవీభాగవతము తృతీయస్కంధమున వ్యాసుఁడు జనమేజయునకు నవరాత్రవిధానమును జెప్పుచు శరద్వసంతములు రెండును యమదంష్ట్రలని స్పష్టముగాఁ బేర్కొనెను. నవరాత్రపూజ యా కోఱలనుండి తప్పించుకొనుటకే విధింపఁబడినదఁట! దసరా యనఁగానే బొమ్మలకొలువులును పిండివంటలును దలఁచుకొను మనకు దాని మూలమున నిట్టి వెఱపు గలదని తోఁపదు.

ఈ భయమునకు లౌకికకారణము లేకపోలేదు. అథర్వవేదము పంచమకాండమునఁ దక్మ యను జ్వరమును వెడలఁగొట్టు సూక్తము గలదు. అందు మూఁడవనాఁడు మరలవచ్చు జ్వరముతోపాటు శారదజ్వరమును బేర్కొనఁబడినది. వానలు వెనుకఁబట్టి నీరు మడుఁగులు గట్టిన దినములలో దోమలు ప్రబలుటయు, వానిచే మలేరియా వ్యాపించుటయు నేఁడు బాలురు సైత మెఱిఁగిన విషయము. ఆ దోమ కడుపున జ్వరక్రిమిని రోనాల్డు రాసు 1897వ సంవత్సరము ఆగష్టు 20వ తేదీని మన సికింద్రాబాదుననే కనుఁగొనెను. వెనుకటి పాశ్చాత్యవైద్యులును దీని ఘోరభేదము నొకదానిని గ్రీష్మశరజ్జ్వర మను నర్థము గల పేరితోనే వ్యవహరించిరి. వేదర్షి యుంచిన పేరును, పందొమ్మిదవ శతాబ్దివైద్యు లుంచిన పేరును ఋతువు విషయమున నేకీభవించుట గమనింపఁదగినది.

నూఱు శరత్తులు చూడవలెననియు, నూఱు శరత్తులు జీవింపవలెననియు వేదమునందుఁ గల ప్రార్థన మధ్యాహ్నసంధ్యలో మన మనుకొనునదియే. ఆయువును శరత్తులతో లెక్కించుట యేల? శరత్తు గడచినఁగాని యేఁడు గడచినట్లు గాదు గావున నని నాకుఁ దోఁచుచున్నది. నూఱు హిమర్తువులను గోరు మంత్రములును గలవు గాన దీనిని సిద్ధాంత మనఁజాలను. అయినను జ్వరసూక్తమును, నీ ప్రార్థనను దగ్గఱఁజేర్చి చదివినవారి కీ యూహ త్రోసిపుచ్చఁదగినదిగాఁ గానరాదు.

ఇఁక నన్నపానముల మాట. చరకసంహిత సూత్రస్థానమున నాఱవ యధ్యాయము ఋతుచర్యను జెప్పును. వర్షములకుఁ జల్లఁబడియుండిన దేహము శరత్తునఁ దటాలున నెండతాఁకునకు వేఁడెక్కఁగా, నంతవఱకుఁ గూడియున్న పిత్తము ప్రకోపించునని దాని మతము. కావున మధురమును, దిక్తమును, శీతమును, లఘువును నగు నాహారమును మితముగాఁ గొనవలెను. వరియన్నము, యవలు, గోధుమలు, చేఁదుద్రవ్యములతోఁ గాఁచిన నేయి యిందుకుఁ దగినవి. వాగ్భటుఁడు పెసలను, చక్కెరను, తేనెను, చేఁదుపొట్లను, నుసిరికను జేర్చెను. పెరుగు, నూనె, పగటినిద్ర, మంచు, తూర్పుగాలి వర్జ్యములు.

పానీయములలో నీ ఋతువునకుఁ జెప్పఁబడినది మద్యమును గాదు, పానకమును గాదు, ఉత్త నీరు. అయితే యది యెట్టి నీరు? పగలెల్ల నెండకుఁ గాఁగి, రాత్రి వెన్నెలకుఁ జల్లాఱి, అగస్త్యనక్షత్రముదయించుటచే దోషము విడిచిన నీరు. దానికి హంసోదకమని పేరు. వానకాలమున నెఱ్ఱగాఁ బాఱిన యేటినీరు శరత్తున మడ్డి దిగి యద్దమువలెఁ దేఱుటయే యీ యగస్త్యమహిమ. ఆ తేఱుట కాలస్యమైనచో మన పల్లెలయందు కడవ లోపలివైపునఁ జిల్లగింజను రుద్ది నీరు పోయుదురు; కొంతసేపటికి మడ్డి యడుగునకు దిగును. సంస్కృతమున నిది కతకము. కతకఫలము పేరు తలఁచినంతమాత్రమున నీరు తేఱదని మనుస్మృతి షష్ఠాధ్యాయమున నొక చక్కని దృష్టాంతము గలదు. తేఱిన నీరెల్ల నిర్దోషము గాదని, క్రిమి కంటికిఁ గానరాదని నేఁటి శాస్త్రము దీనికిఁ జేర్చిన మాట.

శాస్త్రము నింతటితో విడిచి పండుగల వరుసఁ జూతము. తెలంగాణమున భాద్రపద బహుళామావాస్యను పెత్రమాస యందురు. పగలు చనిపోయిన పెద్దలపేర బియ్యము, పప్పు, కూరగాయలు స్వయంపాకముగా నిత్తురు. ఆ సాయంకాలమే తంగేడును గునుగును బేర్చి యాఁడువా రెంగిలిపూల బతుకమ్మ నాడుదురు. పగలు పితరులకు, సందె బ్రతికియున్నవారికి. నడుమఁ గొన్ని గడియలే యెడము. తొమ్మిదవనాఁటి సద్దుల బతుకమ్మకుఁ బెరుగు సద్ది, చింతపండు సద్ది, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది కట్టుకొని చెఱువుగట్టునకుఁ బోయి, మలీదముద్దల నొండొరులకుఁ బంచుకొందురు. నూఱుగురు కొడుకులను గోలుపోయిన రాజదంపతులకుఁ గలిగిన బాలికను ఋషులు బ్రతుకుమని దీవించి యాపేరు పెట్టిరని యొక కథ. కథ చారిత్రకమా యని వాదించుట వ్యర్థము. శరత్తు తలవాకిట నిలువఁగానే మన స్త్రీలు పాడు పాటకు బ్రతుకే దేవత యగుట చాలును.

ఆశ్వయుజపూర్ణిమ కోజాగరము. ఆ రాత్రి లక్ష్మి యూరూరఁ దిరుగుచు నెవరు మేలుకొనియున్నారని యడుగునఁట. మేలుకొన్నవారు కొబ్బరినీరు త్రాగి పాచికలాడుచుఁ బ్రొద్దుపుచ్చవలెను. మహారాష్ట్రులు వెన్నెలలోఁ జక్కెరపాలు త్రాగుదురు. ఇది వెఱపులేని రాత్రియే. అయినను నర్ధరాత్రమున వాకిట నొక కంఠము పిలుచునని చెప్పఁగా వినిన పిల్లల గుండె యొకింత యదరకపోదు.

మూఁడునాళ్లకు నట్లతద్ది. తెల్లవాఱకముందే కన్నెపిల్లలు లేచి చద్దియన్నమును గోంగూరపచ్చడితో, పులుసుతో, గడ్డపెరుగుతోఁ దిని, చీఁకటిలో నుయ్యాల లూఁగి, పగలెల్ల నుపవసించి, చంద్రుని జూచిన పిమ్మట గౌరికి నట్లు నివేదింతురు. ఉపవాసమునకు సొమ్మసిల్లిన చెల్లెలికి నన్నలు చెట్టునకద్దము గట్టి మంటవెలుఁగునే చంద్రుఁడని చూపఁగా, వ్రతభంగమై యామెకు ముదుసలి వరుఁడు దొరకెనను కథను జెప్పుకొందురు. ఇచ్చట నా వాదమునకుఁ జిక్కు గలదు. వాగ్భటుఁడు వలదన్న పెరుగే యిచ్చట ముఖ్యము. వైద్యుని పుస్తకమును వంటయింటి యాచారమును బ్రతిచోట నతికింప యత్నించుట మన పరిశోధకులలోఁ గొందఱికిఁ గల దోషము; ఆ దోషమునకు నేను లోనుగాఁ గోరను. అట్లతద్ది పెండ్లికోరికకుఁ జెందినది, జ్వరభయమునకుఁ గాదు.

కాని బహుళచతుర్దశి యట్లు గాదు. మనకు నరకచతుర్దశి యగు నీ తిథియే వంగదేశమున భూతచతుర్దశి. ఆ సందెవేళఁ బదునాలుగు దీపములు పెట్టి, పదునాలుగు విధముల యాకుకూరలు గలిపి వండుకొని తిందురు. పదునాఱవ శతాబ్దివాఁడగు రఘునందనుఁడు తన స్మృతినిబంధమున నా కూరల పట్టిక నిచ్చి, వానిని దినినవారు ప్రేతత్వమును బొందరని ఫలముఁ జెప్పెను. పట్టికలోఁ గంద, ఆవ, వేప, తిప్పతీఁగ గలవు; మన పొన్నగంటికూరయుఁ గలదు. వేపయుఁ దిప్పతీఁగయు వైద్యులు జ్వరములకు వాడు చేఁదులు. శరత్తునఁ దిక్తము సేవింపుమని చరకుఁడు చెప్పిన మాటయు, దయ్యము గాకుండుటకుఁ జేఁదుకూరఁ దినుమని స్మృతికర్త చెప్పిన మాటయు నొక్కటియే కాదా? జ్వరమున కొకచోట పిత్తమనియు, వేఱొకచోటఁ బ్రేతమనియుఁ బేరు. నా యూహకు నింతకంటె బలమగు సాక్ష్యము నాకు దొరకలేదు.

మన యిండ్లయందు నా తెల్లవాఱుజామున నువ్వులనూనెతోఁ దలయంటుకొని, యుత్తరేణికొమ్మను దలచుట్టుఁ ద్రిప్పి స్నానము చేయుదురు. నిర్ణయసింధువున నుత్తరేణితో ననపయు, దగిరిసయుఁ జెప్పఁబడినవి. పిమ్మట యముని పదునాలుగు నామములతోఁ దర్పణము విడిచినఁగాని పిండివంటల జోలికిఁ బోరాదు. యమునికి నీళ్లు, పిల్లలకు నరిసెలు, వరుస యిది.

మఱునాఁటి యమావాస్య సందె నుల్కాదానము. మహాలయమునకు వచ్చిన పితరులకుఁ దిరిగి పోవుత్రోవఁ జూపుటకు దివిటీలు పట్టవలెనని శాస్త్రము. మా చిన్ననాఁట గోఁగుకఱ్ఱల కొసల నూనెలోఁ దడిపిన గుడ్డపేలికలు గట్టి, వెలిఁగించి, వాకిట నిలిచి గిరగిరఁ ద్రిప్పి, నేలపై మోఁది పడవైచెడివారము. వెంటనే మా యమ్మమ్మ కాళ్లు గడిగి, నోటఁ దీపి పెట్టి, వెనుకకుఁ జూడక లోపలికిఁ బొమ్మనెడిది. వెనుక నెవరున్నారని యడిగితిమి. "మీ తాతగారు" అనెడిది. ఆయన మే మెఱుఁగకముందే యొక యాశ్వయుజమున జ్వరమునఁ బోయెను. ఆ తీపి రుచియు, వీఁపున నొకింత జలదరింపును నాకు నేఁటికిని వేఱువేఱుగా స్మరణకు రావు. మఱియొక చిత్రము: అట్లతద్దినాఁడు కన్నెలకుఁ బచ్చడియైన గోఁగే, యాకు పోయి కఱ్ఱ మిగిలి, పండ్రెండు నాళ్లకుఁ బితరులకు దివిటీ యగుచున్నది.

పాశ్చాత్యదేశములందును నించుమించు నీ దినములలోనే యిట్టి యాచారము గలదు. క్రైస్తవులకు నవంబరు 1వ తేది సర్వసిద్ధుల దినము, 2వ తేది మృతాత్మల దినము. ముందురాత్రి యైర్లండు, స్కాట్లండు దేశములవారు టర్నిప్పుగడ్డలను దొలిచి భయంకరముఖములు చెక్కి లోన దీపముంచెడివారు. అమెరికాకు వలసపోయినవారికి గుమ్మడికాయ సులభమై దాని స్థానము నాక్రమించెను. ఇంగ్లాండున మృతాత్మలకై ప్రార్థింపుఁడని పేదలకు చిన్నరొట్టెలు పంచెడివారు. ఒకరినుండి యొకరు నేర్చిరని నే ననను. పంట చేతికి వచ్చి ప్రొద్దు కుఱుచయగు దినములలో మనుష్యుఁ డెచ్చటనైనను దినుచునే చనిపోయినవారిని దలఁచుకొనునని మాత్ర మనఁగలను.

కార్తికమున శివాలయ ధ్వజస్తంభముల కాకాశదీపము లెత్తుదురు. వనభోజనము లుసిరిచెట్టు నీడనే. వాగ్భటుని పట్టికయందలి యుసిరిక యిచ్చట దేవతాస్వరూపమైనది. శాస్త్రమును నాచారమును బూర్తిగా నేకమైన విం దిదియే.

ఋతువు ముగియుచోట యమదంష్ట్ర యను పేరు మరల వినఁబడును. కార్తికమునఁ గడపటి యెనిమిది దినములును, మార్గశీర్షమున మొదటి యెనిమిది దినములును యమదంష్ట్ర యనియు, నప్పు డల్పముగా భుజించినవాఁడే జీవించుననియు శార్ఙ్గధరుఁడు పూర్వఖండమునఁ జెప్పెను. రెండు కోఱల నడిమిసందు మన మాసగణనము చొప్పున మార్గశిర శుద్ధ పాడ్యమి తెల్లవాఱుజామునఁ బడును. అది పోలి స్వర్గము. అత్తయుఁ దోడికోడండ్రును విడిచిపోఁగా నింటనే మిగిలి, చల్లకవ్వమున కంటిన వెన్నతో దీప మొకటి వెలిఁగించి బొందితో స్వర్గమున కేఁగిన పోలి కథను జెప్పుకొనుచు, మన స్త్రీలా చలిచీఁకటిలో నరఁటిదొప్పలయందు దీపము లుంచి యేటిలో విడుతురు. నీరప్పటికి మడ్డి యంతయు దిగి తేఱియుండును. దీపములు మలుపు తిరుగువఱకుఁ జూచి, వా రింటికి మరలి పొయ్యి రాఁజేయుదురు.