కంటికి కనిపించని బిగువు

2009 మే నెలలో అమెరికాలో కొందరు కారు యజమానుల ఇళ్లకు కంపెనీ టెక్నీషియన్లు పానాలు పట్టుకుని వెళ్లారు. వెనక చక్రాల హబ్బుల దగ్గర, లోపలి వైపున ఉండే ఫ్లాంజ్ బోల్టులను లెక్క ప్రకారం బిగించి వచ్చారు. ఆ కారు టెస్లా రోడ్‌స్టర్. కరెంటుతో నడిచే ఈ స్పోర్ట్స్ కారు ధర అప్పట్లో లక్ష డాలర్ల పైమాటే. కదిలిన నాలుగు సెకన్లలోపే గంటకు వంద కిలోమీటర్ల దరిదాపుల్లోకి వెళ్లగలదు. 2009 ఏప్రిల్ 22కు ముందు తయారైన 345 కార్లను లోపం సరిదిద్దే ఆ కార్యక్రమంలో (రీకాల్‌లో) చేర్చారు. బోల్టులను అలాగే వదిలేస్తే కారు అదుపు తప్పి ప్రమాదం జరగొచ్చని కంపెనీయే యజమానులకు తెలియజేసింది.

తప్పు జరిగింది అప్పట్లో టెస్లా కేంద్రమైన కాలిఫోర్నియాలో కాదు. రోడ్‌స్టర్‌కు ఒళ్లు ఇంగ్లండ్‌లో తయారయ్యేది. నార్‌ఫోక్ ప్రాంతంలోని హెథెల్‌లో లోటస్ కంపెనీ చాసిస్, సస్పెన్షన్, బాడీ బిగించి పంపిస్తే, బ్యాటరీ, మోటారు అమెరికాలో అమర్చేవారు. హెథెల్ అసెంబ్లీ లైనులో ఆ బోల్టులకు పడాల్సినంత బిగింపు పడలేదు. అదే కారణంతో లోటస్ తన సొంత కార్లు ఎలీజ్, ఎగ్జీజ్‌లలో కూడా కొన్నిటిని వెనక్కి పిలిచింది.

బోల్టులు లేవని కాదు, విరిగాయనీ కాదు. వాటి చోట అవి ఉన్నాయి. చూస్తే తేడా తెలియదు. మరి బిగింపు అంటే ఏమిటి? బోల్టులో అది ఎక్కడ దాగి ఉంటుంది?

బోల్టును మనం మేకులా, రెండు ముక్కల మధ్య దూర్చిన కమ్మీలా ఊహించుకుంటాం. నిజానికి అదొక స్ప్రింగు. పానా తిప్పుతుంటే మొదట నట్టు తేలిగ్గా తిరుగుతుంది. ఉక్కు ముక్కకు ఆనుకున్నాక చెయ్యి బరువెక్కుతుంది. అక్కడి నుంచి తిప్పిన ప్రతి కొంచెమూ బోల్టును సాగదీస్తుంది. సాగిన బోల్టు రబ్బరు బ్యాండులా వెనక్కి లాగుతూ, మధ్యలోని ముక్కలను నొక్కి పట్టుకుంటుంది. ఆ నొక్కుడే బిగువు.

లెక్క చూద్దాం. పావు మీటరు పొడవున్న పానా చివర 20 కిలోల బరువంత గట్టిగా నొక్కితే దాదాపు 50 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పుడు బలం) వస్తుంది. 10 మిల్లీమీటర్ల బోల్టును అంతవరకు బిగిస్తే అందులో పుట్టే లాగుడు సుమారు 25,000 న్యూటన్లు. అంటే రెండున్నర టన్నుల బరువు వేలాడదీసినట్టు. ఇంత బలానికి ఆ బోల్టు సాగేది ఎంత? ముక్కల మందం 50 మిల్లీమీటర్లయితే, మిల్లీమీటరులో పదో వంతు. తలవెంట్రుకంత. కారు చక్రం దాని చోట అది ఉండటానికి ఆధారం ఆ వెంట్రుకంత సాగుడే. అది ఉందో లేదో ఏ కన్నూ చూడలేదు.

మర ఎందుకు తనంతట తాను వెనక్కి తిరిగిపోదు? మర చుట్టూ తిరిగే గాడిని విప్పి పరిస్తే అదొక వాలు బల్ల. 10 మిల్లీమీటర్ల మామూలు బోల్టులో ఆ వాలు సుమారు 3 డిగ్రీలు మాత్రమే. అంత తక్కువ వాలు మీద ఉక్కు ఉక్కు మీద జారదు, రాపిడి ఆపేస్తుంది. లారీ వెనక వేసిన చెక్క మీద ధాన్యం బస్తా కదలకుండా కూర్చున్నట్టే. ఆ చెక్కను ఎవరైనా అటూ ఇటూ ఊపితే మాత్రం బస్తా కొంచెం కొంచెంగా కిందికి దిగుతుంది. పక్కకు జారుతున్నంతసేపూ రాపిడి ఆ జారుడును ఆపడానికే సరిపోతుంది, కిందికి దిగకుండా పట్టేందుకు మిగలదు.

బోల్టుల్లో జరిగేది ఇదేనని చూపినవాడు జర్మన్ ఇంజినీరు గెర్హార్డ్ యుంకర్. బోల్టును నిలువునా లాగి వదిలే కుదుపు కంటే, బిగించిన ముక్కలను దాని అడ్డంగా పక్కకు జరిపే కుదుపే నట్టును విప్పేస్తుందని 1969లో ఆయన ప్రయోగాలతో రుజువు చేశారు. ఆయన రూపొందించిన యంత్రం మీదే నేటికీ బోల్టులను పరీక్షిస్తున్నారు. మన షెడ్లలో ఎంతో నమ్మకంగా వేసే స్ప్రింగ్ వాషర్ ఆ పరీక్షలో పెద్దగా నిలబడదు. వదులు కాకుండా కాపాడేది మొదటి బిగువే. నొక్కుడు చాలినంత ఉంటే ముక్కలు పక్కకు జారనే జారవు, జారకపోతే మర విప్పుకోదు. బిగువు తక్కువైతే చిన్న జారుడు మొదలవుతుంది. ఆ జారుడు మరింత వదులు చేస్తుంది, వదులు మరింత జారుడును తెస్తుంది.

ఇప్పుడు స్పోర్ట్స్ కారును తలచుకోండి. వెడల్పాటి టైర్లు రోడ్డును గట్టిగా పట్టుకుంటాయి. వేగంగా మలుపు తిరిగేటప్పుడు ఆ టైర్ల మీద పడే అడ్డబలం కారు బరువుకు దగ్గర దగ్గరగా ఉంటుంది. ఆ బలమంతా చక్రం నుంచి హబ్బుకు, హబ్బు నుంచి సస్పెన్షన్‌కు చేరేది ఈ బోల్టుల దగ్గరే. ఇంకో సంగతి ఉంది. బిగువుగా ఉన్న బోల్టు మీద రోడ్డు కుదుపుల్లో కొద్ది భాగమే పడుతుంది, మిగిలినదాన్ని నొక్కుకుని ఉన్న ముక్కలే మోస్తాయి. వదులైన బోల్టు ప్రతి కుదుపునూ మొత్తంగా తానే భరించాలి. వంచి వంచి తీగను తెంపినట్టు, వేల కుదుపుల తర్వాత అది అలసి పుటుక్కుమంటుంది.

అయితే గట్టిగా బిగిస్తే సరిపోతుందా? సరిపోదు. పానా మీద పెట్టిన శ్రమలో సుమారు సగం బోల్టు తల కింది రాపిడికే పోతుంది. ఇంకో నలభై శాతం మరల మధ్య రాపిడికి పోతుంది. బోల్టును సాగదీసేది మిగిలిన పదో వంతు. మరలకు తుప్పు పట్టి ఉంటే చేతికి గట్టిగానే తగులుతుంది, లోపల బిగువు ఉండదు. నూనె అంటి ఉంటే అదే టార్క్‌కు అతిగా సాగుతుంది. టైరు షాపుల్లో కుర్రాళ్లు పానా మీద నిలబడి నట్లు బిగించడం మనకు అలవాటైన దృశ్యం. 60 కిలోల మనిషి 40 సెంటీమీటర్ల పానా చివర నిలబడితే 235 న్యూటన్ మీటర్లు. చిన్న కార్ల చక్రాల నట్లకు కావాల్సింది సాధారణంగా అందులో సగం. హద్దు దాటి సాగిన బోల్టు పాత రబ్బరులా వెనక్కి లాగే శక్తి కోల్పోతుంది. ఆ కుర్రాళ్ల తప్పేమీ లేదు, వాళ్ల చేతికి టార్క్‌ను కొలిచే పానా (టార్క్ రెంచ్) ఇవ్వాల్సింది యజమాని.

మంచి ఫ్యాక్టరీల్లో బోల్టును బిగించే యంత్రం ఎంత టార్క్ పెట్టిందో, ఎన్ని డిగ్రీలు తిప్పిందో ఆ కారు పేరున రాసుకుంటుంది. బిగించాక నట్టు మీదుగా రంగు గీత గీస్తారు. నట్టు కదిలితే గీత విరిగినట్టు కనిపిస్తుంది. అయినా పొరపాట్లు జరుగుతున్నాయి. 2022 అక్టోబరులో అమెరికన్ కంపెనీ రివియన్ ముందు సస్పెన్షన్‌లోని ఒక బోల్టు కోసం 12,212 వాహనాలను పిలిపించింది. నిజంగా లోపం ఉండేది నూటికి ఒక్కదానిలోనే అని కంపెనీ అంచనా. ఆ ఒక్కటి ఏదో బయటి నుంచి తెలియదు కాబట్టి నూటినీ పిలవక తప్పదు. రీకాల్ వార్త చదవగానే ఆ కంపెనీని చులకన చేయడం సరికాదని నేను అనుకునేది అందుకే. లోపం దొరికాక దాచిపెట్టే కంపెనీకే మనం భయపడాలి.

అమెరికాలో రీకాల్‌కు చట్టబలం 1966లో వచ్చింది. దానికి ముందు ఏడాది న్యాయవాది రాల్ఫ్ నాడర్ కార్ల భద్రతపై రాసిన పుస్తకంలో మొదటి అధ్యాయం కూడా ఒక కారు సస్పెన్షన్ గురించే, షెవ్రొలే కార్వెయిర్ గురించి. మన దేశంలో నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. రీకాల్ చేయాలని ప్రభుత్వం ఆదేశించే స్థితి వస్తే కంపెనీకి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా పడుతుంది.

మీ కారు చాసిస్ నంబరు తీసుకుని డీలరును ఒకసారి అడగండి. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవారు తప్పకుండా అడగాలి, ఎందుకంటే రీకాల్ ఉత్తరం పాత యజమాని చిరునామాకు వెళ్లి ఉండొచ్చు. అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉండే విన్ నంబరును రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైటులో కొడితే క్షణంలో తెలిసిపోతుంది. రీకాల్ లేకపోయినా ఒక జాగ్రత్త: స్టెప్నీ మార్చాక 50 కిలోమీటర్లు నడిచేసరికి చక్రం దాదాపు పాతిక వేల సార్లు తిరుగుతుంది. అప్పుడు ఆగి, నట్లను టార్క్ రెంచ్‌తో మళ్లీ చూపించుకోండి. అయిదు నిమిషాల పని.