పగటివేళ చేసిన రాత్రి



క్రిస్మస్‌కు ముందు సుబేదారిలోని మా సంఘ యౌవనస్థులు ఒక కోరికతో మా యొద్దకు వచ్చారు. నీకొదేము రాత్రివేళ ప్రభువు దగ్గరకు వచ్చిన సంగతిని (యోహాను 3వ అధ్యాయము) పది నిమిషాల సినిమాగా తీస్తామన్నారు. “అయ్యగారూ, రాత్రి దృశ్యమే గాని పగలే తీయాలి” అన్నారు. కారణం లేకపోలేదు. సహాయానికి వచ్చే ఆడపిల్లలను చీకటి పడ్డాక తల్లిదండ్రులు బయట ఉండనివ్వరు. నీకొదేము వేషం వేసే సహోదరుడు రాత్రి కాపలా ఉద్యోగం చేస్తాడు.

సంఘ పెద్దలలో ఒకరు అడ్డుచెప్పారు. “సత్యము ప్రకటించే మనము పగటిని రాత్రి అని చూపించవచ్చునా? ఇది అబద్ధం కాదా అయ్యగారూ?” అన్నారు. మేము వెంటనే జవాబు చెప్పలేదు. “మీరూ వచ్చి చూడండి” అన్నాము.

ఇది కొత్త విద్య ఏమీ కాదు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో పడవ పాటకు బయటి దృశ్యాలను మద్రాసు దగ్గరి ఎన్నూరులో తీశారు. వెన్నెలను మాత్రం ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ తన పనితనంతో సృష్టించాడు. పగలు తీసి రాత్రిగా చూపడాన్ని ఫ్రెంచివారు ‘అమెరికా రాత్రి’ అంటారు. ఆ పేరుతోనే త్రుఫో అనే దర్శకుడు 1973లో ఒక సినిమా తీశాడు.

ఒక విశ్వాసి ఇంటి ముందుగదిలో పని మొదలైంది. కిటికీలకు బయటినుండి నల్లగుడ్డ రెండు మడతలు కట్టారు. తలుపు కింది సందులో గోనెసంచి కుక్కారు. ఇక రాత్రి అయినట్లే అనుకున్నాము. కెమెరా పట్టిన యువకుడు నవ్వి, “చీకటి వేరు, రాత్రి వేరు అయ్యగారూ. ఉత్త చీకటిలో మనుషులే కనబడరు” అన్నాడు.

ఒక కిటికీ బయట గుడ్డను గుడారంలా ఎడంగా కట్టి, అందులో నీలి కాగితం అడ్డుపెట్టిన దీపం ఉంచాడు. అదే వెన్నెల. బల్లమీద నూనె దీపం, దానికి తోడు కెమెరాకు కనబడకుండా ఒక పసుపు బల్బు. వెలుగు ముఖానికి ఒక పక్కనే పడాలి. సున్నం వేసిన గోడమీద పడితే రాత్రి పోతుంది. బల్బు వెలుగును సుమారు 3200 కెల్విన్లని, పగటి వెలుగును సుమారు 5600 అని లెక్కిస్తారు. కెమెరాను బల్బుకు సరిచేస్తే పగటి వెలుగు నీలంగా కనబడుతుంది. అదీ ఈ పనివారి ఉపాయమే. కెమెరాను దాని ఇష్టానికి వదిలితే చీకటిని చూచి తానే వెలుగు పెంచుతుంది. కాబట్టి ఫోనుతో తీసినా వెలుగును చేతితో తగ్గించి అక్కడే నిలపాలి. రోడ్డుమీది హారన్లను తరువాత తీసివేసి కీచురాళ్ల చప్పుడు చేర్చారు. మూసిన గదిలో దీపాల వేడి ఎక్కువ. అందుకని మధ్యమధ్య తలుపు తీశాము, గుడ్డ దీపానికి తగలకుండా చూచుకున్నాము.

అంతా సిద్ధమయ్యాక గోడమీద రూపాయి బిళ్లంత వెలుగు! కిటికీ చెక్కలో మేకు రంధ్రం ఉంది. అడ్డుచెప్పిన పెద్దాయనే దాన్ని కనిపెట్టారు. టేపు అంటిస్తే మరోచోట ఇంకొకటి. అరగంటసేపు సందులు వెతకడమే సరిపోయింది. చివరకు ఆయన, “ఎంత కప్పినా ఎక్కడినుండో దూరి వస్తూనే ఉంది అయ్యగారూ” అన్నారు.

అప్పుడు ఆయన ప్రశ్నకు జవాబు చెప్పాము. చూచేవారికి ఇది కథ అని తెలుసు. ప్రభువు కూడా ఉపమానములతో బోధించెను. మా చిన్నతనంలో ‘కరుణామయుడు’ (1978) చూడటానికి పల్లెల్లో తెల్లగుడ్డ కట్టి చీకటికోసం కాచుకునేవాళ్లం. తెరమీది మనిషి నటుడని అందరికీ తెలుసు. అయినా కన్నీళ్లు నిజమైనవే. ఎదుటివారిని నమ్మించి దాచిపెట్టుటే అబద్ధము.

ఆ మాట నీకొదేము వేషం వేసిన సహోదరునికి తగిలింది. (ఆయన అనుమతితోనే రాస్తున్నాము.) గుడ్డలు విప్పుతుండగా ఆయన నెమ్మదిగా, “రెండేళ్లుగా వడ్డీకి అప్పు తెస్తున్నాను. ఇంట్లో తెలియదు” అన్నాడు. డ్యూటీకి వెళ్లేముందు ఆయనతో కలిసి ఇంటికి వెళ్లాము. ఆ సహోదరి చాలాసేపు ఏడ్చింది, మాట్లాడలేదు. తరువాత కాగితం, కలం తెచ్చి, “ఎవరికెంత ఇవ్వాలో అన్నీ రాయండి” అన్నది. ఆ అప్పు ఇంకా తీరలేదు. నెలనెలా ఇద్దరూ కలిసి కడుతున్నారు.

ప్రియులారా, మొదట రాత్రివేళ వచ్చిన నీకొదేము, ప్రభువును సమాధి చేయు దినమున సుగంధద్రవ్యములతో బహిరంగముగా వచ్చెను (యోహాను 19వ అధ్యాయము). మన గృహములలో ఏ కిటికీకి గుడ్డ కట్టియున్నాము? త్రాగుడా, అప్పా, పిల్లలకు చెప్పని మాటా? సందులు మూసుకుంటూ అలసిపోవుటకంటె ఆ గుడ్డ విప్పుట మేలు. ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఒక్క మాటైనా దాచక చెప్పుకొనుడి.

ప్రభువు మీ గృహములను తన వెలుగుతో నింపును గాక. ఆమేన్.