తాబేలుకు తోడు అవసరమా?

పిల్లలు మారాం చేశారని బజారు నుంచి తాబేలు పిల్లను తెస్తారు. గాజు తొట్టిలో అది ఒంటరిగా ఈదుతుంటే నాలుగు రోజులకే ఇంటిల్లిపాదికీ జాలి పుడుతుంది. "పాపం, ఒక్కటే వుంది. ఇంకోటి తెద్దాం" అంటారు. చిక్కు మొదలయ్యేది అక్కడే.

పూర్వం పల్లెల్లో నూతిలో తాబేలును వదిలేవారు. ఏళ్ల తరబడి అది ఒక్కటే వుండేది. దానికి బెంగ పట్టిందని ఎవరూ అనుకోలేదు. చిలుకకు తోడు కావాలి గాని తాబేలు బతుకు వేరు.

తల్లి ముఖమే ఎరగదు

శ్రీకాకుళం తీరానికి ఏటా వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలునే చూడండి. ఇసుకలో గుంట తవ్వి, వంద వరకు గుడ్లు పెట్టి, కప్పేసి కడలిలోకి వెళ్లిపోతుంది. మళ్లీ వెనక్కి చూడదు. పిల్లలు వాటంతటవే బయటికొచ్చి నీళ్లలోకి పోతాయి. చెరువు తాబేళ్లదీ దాదాపు ఇదే తీరు. మొద్దు మీద నాలుగైదు తాబేళ్లు ఒకదానిపై ఒకటి ఎక్కి కనబడితే అది స్నేహమని మురిసిపోనక్కరలేదు. ఎండ తగిలే చోటు కోసమే ఆ తొక్కిసలాట!

తొట్టిలో తగాదా

మన ఇళ్లలో ఎక్కువగా పెంచేది చెవి దగ్గర ఎర్రచార వుండే అమెరికా తాబేలు. కొన్నప్పుడు అరచేతిలో ఇమిడిపోతుంది. ఆడది పెరిగితే 25 సెంటీమీటర్లు దాటుతుంది. 30 ఏళ్లకు పైగా బతకగలదు. చిప్ప పొడవు అంగుళానికి సుమారు 40 లీటర్ల నీళ్లు కావాలని పెంపకందారుల లెక్క. ఆ లెక్కన పది అంగుళాల తాబేలు ఒక్కదానికే 400 లీటర్లు. రెండోది వస్తే నీళ్లు, మురికి, ఖర్చు అన్నీ పెరుగుతాయి.

చెరువులో అయితే బలహీనమైనది తప్పించుకుపోతుంది. తొట్టిలో ఎక్కడికి పోతుంది? మగవి రెండుంటే కొట్లాట. ఒక మగ, ఒక ఆడ వుంటే మగది ముందు కాళ్ల పొడవాటి గోళ్లు ఆడదాని మొహం ముందు ఆడిస్తూ వెంటపడుతుంది. తోక, కాళ్లు, మెడ మీద గాట్లున్నా, ఒకటి తిండికి రాకున్నా, ఎండకు పైకెక్కకున్నా వెంటనే వేరు చేయాలి. తాబేలు అరవదు, మొరపెట్టుకోదు. మనమే కనిపెట్టాలి.

గాజును గోకుతోందని దిగులనుకుంటారు. ఆకలి వేసినా, తొట్టి ఇరుకైనా, తన నీడ తనకే కనిపించినా అది అలాగే చేస్తుంది. దానికి కావలసింది విశాలమైన తొట్టి, శుభ్రమైన నీళ్లు, పైకెక్కి ఒళ్లారబెట్టుకునే చోటు, నేరుగా తగిలే ఎండ. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ చాలదు. చిప్ప గట్టిపడేందుకు కావలసిన కిరణాలను అద్దం చాలావరకు ఆపేస్తుంది.

ఇప్పటికే రెండున్నవారు

ఒకే జాతి, ఒకే సైజు ఆడవయితే పెద్ద తొట్టిలో కొంతవరకు సర్దుకుంటాయి. ఎండకు రెండు చోట్లు, తిండికి రెండు చోట్లు వుండాలి. కొత్తదాన్ని కొన్ని వారాలపాటైనా విడిగా వుంచి, జబ్బులేమీ లేవని తేలాకే కలపాలి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. వీటినుంచి సాల్మొనెల్లా క్రిములు సోకుతాయనే 1975లో అమెరికాలో నాలుగంగుళాల లోపు తాబేళ్ల అమ్మకం నిషేధించారు.

మన చెరువు తాబేళ్లనో, నక్షత్ర తాబేలునో తోడుగా తెద్దామనుకుంటే అసలే కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని పట్టి ఇంట్లో పెట్టుకోవడం నేరం.

పెంచలేమని చెరువులోనో, గుడి కోనేరులోనో వదలడం పుణ్యం కాదు. ఎర్రచార తాబేలు మన తాబేళ్ల తిండినీ చోటునూ లాక్కుంటుంది. ప్రపంచంలో అతి హానికరమైన 100 పరాయి జాతుల్లో ఒకటిగా దీని పేరెక్కింది. తొట్టిలో జాలితో తెచ్చిన తోడు చెరువుకు చేటు కాకూడదు. ఒక్కటుంటే ఒక్కదాన్నే చక్కగా చూసుకోండి. దానికదే చాలు.